సర్కారు తుమ్ము

ముక్కుపాలెం రేవులో పడవలకు వైర్‌లెస్ సెట్లు ఇచ్చింది ఒక్క పని కోసం. నడిసముద్రంలో ఇంజను ఆగిపోతే ఆ సంగతి ఒడ్డుకు తెలియాలి. అంతకు ముందు తెలిసేది కాదు. పడవ రాకపోతే రాలేదని తెలిసేది, అంతే.

సెట్టంటే చిన్న పెట్టె. బొత్తాం నొక్కితే మాట్లాడవచ్చు, వదిలితే వినవచ్చు. పడవలన్నిటికీ మాట పోయే గాలి ఒకటే. ఇద్దరు ఒకేసారి నొక్కారంటే ఇద్దరి మాటా పోతుంది, పెట్టె గుర్రు పెడుతుంది. రేవులో ఉన్నవి పట్టుమని పది పడవలు. గుర్రుమన్నప్పుడు ఇద్దరూ నవ్వుకుని, నువ్వు ముందంటే నువ్వు ముందని సర్దుకునేవారు.

కొండ ముక్కులాగా సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోట, పైన ఒక గది. అదే స్టేషను. అందులో ఉమ్మిడి దానయ్య టెంపరవరీ అటెండరు. ఊడవడం, టీ తేవడం, అయ్యగార్లు లేనప్పుడు పడవల మాట వినడం అతని పని. గది కిందనే ఎండు రొయ్యలు ఆరబోస్తారు. గాలి ఇటు తిరిగిందంటే ఆ పొడి అంతా దానయ్య ముక్కులోకే.

రోజూ పొద్దున్నే అతని అక్క కాసులమ్మ కొండెక్కి వచ్చి గుమ్మంలో నిలబడేది.

"ఒరే తమ్ముడా, మీ బావ గొంతు ఇనపడిందా?"

"ఇనపడిందే. ఐసు సాల్నేదని తిడతన్నాడు."

"తిట్టినాడా? అయితే బాగున్నాడు." బుట్ట నెత్తికెత్తుకుని దిగిపోయేది.

ఆ బావ గనగళ్ల సోములు, పడవ నడిపే సరంగు. సోములు పడవలో ఉన్నదాన్ని ఇంజను అనడం సోములు మంచితనం. అది నడిచినంతసేపు నడుస్తుంది. అందుకే కాసులమ్మ రోజూ కొండెక్కడం.

ఇలా ఉండగా ఒకనాడు తీర వాక్సంబంధ శాఖ జాయింటు డైరెక్టరు చిదానందం గారు తనిఖీకి వచ్చారు. ఆయన కుర్చీలో కూర్చునే వేళకి సోములూ, బడే లచ్చన్న అనే ఇంకో సరంగూ ఒకేసారి బొత్తాలు నొక్కారు. మధ్యలో ఇంకెవరో దూరారు. పెట్టె గుర్రు మీద గుర్రు. ఏమిటో చూద్దామని దానయ్య మైకు దగ్గరకు వంగి బొత్తాం నొక్కాడు. అదే సమయానికి రొయ్యపొడి ముక్కులోకి పోయింది. కొండ అదిరేలా తుమ్మాడు.

సముద్రం సముద్రమంతా నోరు మూసుకుంది.

తుమ్ము పడ్డాక ఏ పనీ మొదలుపెట్టరు గదా. లచ్చన్న గుక్కెడు మంచినీళ్ళు తాగి బొత్తాం నొక్కాడు, అతని మాట శుభ్రంగా వచ్చింది. ఇంకొకడు కూర్చుని లేచి నొక్కాడు, వాడిదీ వచ్చింది. సోములు బీడీ ముట్టించి, మొత్తం కాల్చి, పీక పారేసి అప్పుడు నొక్కాడు. "ఎవడ్రా ఆ తుమ్మినోడు, మా బామ్మర్దేనా? నీ ముక్కులో మడ్డి పొయ్యా."

చిదానందం గారు ఈ వరసంతా విని నిటారుగా కూర్చున్నారు.

"ఈ క్రమశిక్షణకు కారణమేమి?"

"తుమ్మినానండి బాబూ."

"తుమ్ము వలన ఇంతటి ఫలితము సాధ్యమగునని ఇంతవరకు శాఖ దృష్టికి ఏల తీసుకురాలేదు?"

"జలుబు దాచలేదండి."

ఆయన అక్కడికక్కడే వాక్సంఘర్షణ నివారణ పథకం ప్రకటించారు. దానయ్యను క్షుత నియంత్రణ సహాయకుడిగా నియమించారు. సంతృప్తికరంగా తుమ్మినచో కొన్నాళ్ళకు పర్మినెంటు. రొయ్యపొడి శాఖాపరమైన వస్తువు కాదు గనక నశ్యం డబ్బాలు మంజూరయ్యాయి.

"క్షుతమంటే ఏట్రా?" అంది కాసులమ్మ.

"తుమ్మే."

"మరి తుమ్మనే అనొచ్చు గదా."

"తుమ్ముకి ఉజ్జోగం ఇవ్వరంట. క్షుతానికైతే ఇస్తారంట."

కొన్నాళ్ళు బాగానే నడిచింది. గుర్రుమన్నప్పుడల్లా దానయ్య చిటికెడు నశ్యం పీల్చి తుమ్మేవాడు. పడవలవాళ్ళు ఎవరి అలవాటు చొప్పున వాళ్ళు ఆగేవారు. ఒకడు ఆగినంతసేపు ఇంకొకడు ఆగడు గనక మళ్ళీ ఢీకొనేవారు కారు. ఎందుకు బాగుందో దానయ్యకి తెలియదు. చిదానందం గారికీ తెలియదు. తెలియకపోవడం వల్ల ఆయన దాన్ని విస్తరించారు.

తీరం పొడుగునా ఉన్న రేవులన్నిటినీ తెచ్చి ఇదే గాలిలో కలిపారు. 'ఒకే తీరం, ఒకే గాలి' అని కొండ మీద బోర్డు పెట్టారు. పది పడవలున్న చోట వందలు చేరాయి. లచ్చన్న ధైర్యం చేసి కొండెక్కి అడిగాడు.

"బాబూ, ఇంతమందిమి ఒక్క గాల్లో ఎలగండి? మా రేవుకి ఓ గాలి ఇడిగా ఇప్పించలేరా?"

"ప్రత్యేక గాలులు వేర్పాటు ధోరణికి దారితీయును," అన్నారు చిదానందం గారు.

కొత్త రేవుల్లో ముసలి సరంగులు మర్యాదస్తులు. ఒడ్డు నుంచి తుమ్ము వినబడగానే బొత్తాం నొక్కి "సిరంజీవ" అనేవారు. అందరూ ఒకేసారి. పెట్టె గుర్రుమనేది. గుర్రుమంది గనక దానయ్య మళ్ళీ తుమ్మేవాడు. వాళ్ళు మళ్ళీ దీవించేవారు. ఒకపూట పొద్దు ఎక్కేదాకా ఇదే నడిచింది. ఆ పూట దానయ్యకి పడినన్ని దీవెనలు రేవు మొత్తానికి పుట్టి బుద్ధెరిగాక పడి ఉండవు. 'విధి నిర్వహణలో తుమ్మిన ఉద్యోగిని ఆశీర్వదించుట నిషేధము' అని ఉత్తర్వు వచ్చింది.

దీవెనలు ఆగాయి గాని గుర్రు ఆగలేదు. రాజధాని నుంచి ప్రణవ్ అనే సలహాదారుని రప్పించారు. కుర్రవాడు, చురుకైనవాడు.

"జనం పెరిగేకొద్దీ ఆగే టైము కూడా పెరగాలి సార్," అన్నాడు. "ఒకసారి ఢీకొంటే ఒక తుమ్ము, కాసేపు ఆగాలి. వాళ్ళే మళ్ళీ ఢీకొంటే రెండు తుమ్ములు, డబుల్ ఆగాలి. మళ్ళీ అయితే దానికి డబుల్. సింపుల్."

లెక్కలో తప్పు లేదు. కాని అతను పెరిగింది హాస్టళ్ళలో. అక్కడ తుమ్మితే మాత్ర ఇస్తారు.

మర్నాడు పడవల మాటలు ఢీకొన్నాయి. దానయ్య ఒకసారి తుమ్మాడు, ఆగారు. మళ్ళీ ఢీకొన్నాయి. రెండుసార్లు తుమ్మాడు. రెండో తుమ్ము ఇలా పడిందో లేదో, తుమ్ము విన్న పడవలన్నీ ఒక్క వేలితో నొక్కినట్టు బొత్తాలు నొక్కాయి. పెట్టె గుర్రు పెట్టలేదు, ఈసారి ఏడ్చింది.

"వారు ఆగవలసి ఉండగా ఏల లేచిరి?" అన్నారు చిదానందం గారు.

"ఒక తుమ్ముకి ఆగుతారండి," అన్నాడు దానయ్య. "రెండో తుమ్ము పడితే దోసం కొట్టుకుపోనాదని లేస్తారండి. అది శుభం గదండీ."

"దోషమును ఎవరు కొట్టివేసిరి? ఏ అధికారముతో?"

ప్రణవ్ తెల్లమొహం వేశాడు. "ఈ రూలు నాకెవరూ చెప్పలేదు సార్."

ఒక సిద్ధాంతి గారిని పిలిపించారు. ఆయన టీ తాగి, తాంబూలం వేసుకుని, చాలాసేపు కళ్ళు మూసుకుని తేల్చి చెప్పారు. శాఖ పరిధిలో, సముద్రం మీద, నియమిత ఉద్యోగి తుమ్మిన రెండో తుమ్ము శుభం కాదు. మనిషి సొంతానికి తుమ్ముకునే రెండో తుమ్ము మాత్రం యథాప్రకారం శుభమే, శాస్త్రాన్ని అంతకు మించి కదపడం తన వల్ల కాదు.

దాంతో పడవలవాళ్ళకి కొత్త అనుమానం పట్టుకుంది. తుమ్ము వినబడగానే బొత్తాం నొక్కి, "ఇది సొంత తుమ్మా, సర్కారు తుమ్మా?" అని అడగడం మొదలెట్టారు. వందలమంది. ఒకేసారి.

"బామ్మర్దీ," అన్నాడు సోములు ఒకసారి సందు దొరికించుకుని, "నీ ముక్కు సర్కారుదైపోనాది. మరి పడిశం పడితే శెలవు ఎవుడికిస్తారు, నీకా, ముక్కుకా?"

ఇంతలో ఇంకో చిక్కు. కొండకి అవతలి పడవలకి దానయ్య తుమ్ము అందడం లేదని తేలింది. ఇవతలివాళ్ళు బుద్ధిగా ఆగుతుంటే అవతలివాళ్ళకి ఆ సంగతే తెలియక మాట్లాడేస్తున్నారు. సరే అని ప్రతి రేవుకీ ఒక ఉప క్షుత సహాయకుణ్ణి వేశారు. ఎంపికలు పెద్ద ఎత్తున జరిగాయి. కాని గుర్రు వినబడగానే ఇద్దరు ముగ్గురు సహాయకులు వెంటవెంటనే తుమ్మేవారు. వినేవాడికి అవి ఇద్దరివి చెరొక తుమ్మో, ఒకడివే రెండు తుమ్ములో తెలిసేది కాదు. ఆగాలా, రెండింతలు ఆగాలా? తుమ్ములూ తుమ్ములూ ఢీకొంటున్నాయని చిదానందం గారు పైకి నివేదించారు. తుమ్మదలచినవారు ముందుగా అనుమతి పొందవలెనని పైనుంచి వచ్చింది.

అప్పటి నుంచి దానయ్య నశ్యం పీల్చి, ముక్కు నొక్కి పట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు కారుతుండగా అనుమతి కోసం ఎదురు చూసేవాడు. అనుమతి వచ్చేవేళకి తుమ్ము పోయేది. తుమ్మకపోతే సంజాయిషీ అడిగేవారు. ఓర్చుకున్నాడు. పర్మినెంటు దగ్గరికొచ్చింది.

చివరికి ప్రణవ్ అన్నాడు, తుమ్ము చివరి మందుగా ఉంచి, అసలు ఢీకొనకుండానే చూద్దామని. పడవలో ఎవరు మాట్లాడదలచినా ముందు "మాట్లాడవచ్చునా?" అని అడగాలి. స్టేషను "మాట్లాడవచ్చును" అన్నాకే మాట్లాడాలి. "వచ్చునా" అన్న మాట ఎవరితోనైనా ఢీకొంటే మునుపటికి రెండింతలు ఆగి మళ్ళీ అడగాలి. ఎక్కువసార్లు అడిగినవాడు ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే రద్దీకి కారణం వాడే. ఆగవలసిన టైము చూపించడానికి సెట్టు మీద ఎర్ర దీపం పెట్టారు. అది వెలిగి ఉన్నంతసేపు బొత్తాం నొక్కుడుపడదు.

ఇక గాలి నిండా అదే. వచ్చునా, వచ్చునా, వచ్చునా. కింద రొయ్యలు చెరిగే ఆడవాళ్ళు దానికి సరిగ్గా చేట తిప్పడం అలవాటు చేసుకున్నారు. మాట అనేది ఒక్కటి కూడా ఒడ్డుకు రాలేదు. మాటే లేదు గనక మాటలు ఢీకొనడమూ లేదు. చిదానందం గారు వాక్సంఘర్షణ సంపూర్ణముగా నిర్మూలింపబడినది అని రాసి పంపారు. రాజధానిలో సంతోషించి, చూసి మెచ్చుకోవడానికి పెద్దలు కొందరు బయలుదేరారు. ఆ రోజే దానయ్యకి పర్మినెంటు చేస్తామన్నారు.

ఆ రోజు పొద్దున్న కాసులమ్మ వచ్చింది. గుమ్మంలో ఆగలేదు, లోపలికొచ్చేసింది.

"నిన్న రావల్సినోడు రాలేదురా. గొంతు ఇనపడిందా?"

"ఎవుడి గొంతూ ఇనపడట్నేదే అక్కా. అంతా వచ్చునాలే."

"మరి ఆ పెట్టెందుకురా?"

దానయ్య చెవి పెట్టె దగ్గర పెట్టాడు. వచ్చునా, వచ్చునా. ఆ రొదలో ఒక ముక్క తగిలింది. "మాట్లా—" గుర్రు. అంతే. ఆ 'మాట్లా'లో బీడీ పొగ ఉంది. సోములే. చాలాసేపటికి మళ్ళీ, "మాట్లాడొ—" గుర్రు. తరవాత లేదు. ఒకసారికి ఒకసారి ఎడం పెరుగుతోంది. ఎందుకు పెరుగుతోందో దానయ్యకి తెలుసు. ఆ రూలు అతని ముందే చదివి వినిపించారు.

పెద్దలు వచ్చారు. పూలదండలు పడ్డాయి. దానయ్య చేతులు కట్టుకుని చిదానందం గారి పక్కకి వెళ్ళాడు.

"బాబూ, మా బావ పడవ ఆగిపోనట్టుందండి. ఆడు పొద్దున్నుంచీ అడుగుతున్నాడండి. ఒక్కసారి ఆడికి వచ్చును అనీండి బాబూ."

"ఆగిపోయినదని ఆయన చెప్పెనా?"

"సెప్పడానికే గదండి అడుగుతున్నాడు."

"చెప్పనిది మనము ఎట్లు వినినట్లు? ఆపద అయినచో అత్యవసరము అను మాట వాడుటకు సౌకర్యము కలదు."

"అది వాడాలంటే ఏటి సెయ్యాలండి?"

"ముందుగా మాట్లాడవచ్చునా అని అడగవలెను."

కాసులమ్మ ముందుకొచ్చింది. "నా మొగుడెక్కడున్నాడయ్యా?"

"అమ్మా," అన్నారు చిదానందం గారు మర్యాదగా, "మీ భర్తగారు క్యూలో ఉన్నారు."

రాజధాని పెద్ద ఒకాయన జాలి పడ్డాడు. "పాపం, ఎన్నో వంతు?"

ప్రణవ్ జాబితా చూసి చెప్పాడు. "చాలాసార్లు ట్రై చేశాడు సార్. అందుకని వెనక్కి వెళ్ళిపోయాడు. ఆయన ట్రై చెయ్యకుండా ఉంటే ఈపాటికి వంతు వచ్చేసేది."

చిదానందం గారు గొంతు సవరించుకున్నారు. "ఇప్పుడు మన క్షుత సహాయకుడు ప్రదర్శన ఇచ్చును. దానయ్యా, అనుమతి వచ్చినది. కానిమ్ము."

దానయ్య నశ్యం డబ్బా బల్ల మీద పెట్టాడు. కుర్చీ వెనక్కి జరిపాడు. తలుపు తీసుకుని బయటికి నడిచాడు. ఈ ప్రదర్శనలో ఇదీ ఒక భాగమనుకుని వెనక ఒకరిద్దరు తలలూపారు.

కొండ దిగేసరికి పరుగైంది. కాసులమ్మ అతని కన్నా ముందు దిగింది. ఒడ్డున లచ్చన్న వల బాగుచేసుకుంటున్నాడు.

"లచ్చన్నా, సోములు ఆగిపోనాడు."

"ఎవుడు సెప్పాడు?"

"ఎవుడూ సెప్పలేదు. అందుకే."

లచ్చన్న వల పడేసి ఇంజను తిప్పాడు. దానయ్య నడుంలోతు నీళ్ళలో తోసి పడవెక్కాడు. సోములు ఎక్కడ వేటాడతాడో లచ్చన్నకి తెలుసు, వాడు చెప్పే అబద్ధాలతో సహా తెలుసు. నీటివాలు ఎటు తీసుకుపోతుందో చూసుకుని అటే పట్టాడు.

పొద్దు వాలే వేళకి కనబడింది. పడవ ఓడల దారికి అడ్డంగా కొట్టుకుపోతోంది. కళాసీలు ఇద్దరు నీళ్ళు తోడుతున్నారు. సోములు పడవ అంచు మీద కూర్చుని మైకు నోటి దగ్గర పెట్టుకుని ఎర్ర దీపం వంక చూస్తున్నాడు. పెదాలు ఎండి పగిలి ఉన్నాయి.

"బావా, తాడందుకో," అని అరిచాడు దానయ్య.

"ఉండెహె," అన్నాడు సోములు తల తిప్పకుండా. "నా వొంతు ఒచ్చీసేలాగున్నాది. రాత్రి నుంచీ కూకున్నాను. ఇప్పుడొగ్గీస్తే మళ్ళీ మొదటికెల్తాది."

"ఒచ్చి ఏటి సెప్తావు?"

"ఇంజనాగిపోనాది, ఒచ్చి లాక్కెళ్ళండని."

"లాక్కెళ్దామనే ఒచ్చినాం."

సోములు మైకు మాత్రం వదల్లేదు. ఎడం చేత్తో తాడందుకున్నాడు.

చీకటి పడకముందే రేవు చేరారు. కాసులమ్మ నీళ్ళల్లోకి ఎదురొచ్చి మొగుణ్ణి పైనుంచి కిందకి చూసింది. "బాగున్నావా?" అని అడగలేదు. "తిట్టు," అంది. సోములు నోట మాట రాలేదు. గొంతు ఎండిపోయింది. ఆవిడ చెంబుతో నీళ్ళు పోసింది.

అప్పుడు ఎర్ర దీపం ఆరింది. సోములు పరధ్యానంగా బొత్తాం నొక్కి, "మాట్లాడవచ్చునా," అన్నాడు. ఆ ఒక్కసారికి ఎవరూ అడ్డు రాలేదు. పైనుంచి చిదానందం గారి గొంతు గంట కొట్టినట్టు పలికింది.

"మాట్లాడవచ్చును."

ఒడ్డున ఉన్నవాళ్ళందరూ పడవ చుట్టూ మూగారు. ఇన్నాళ్ళ తరవాత ఒకడికి నోరొచ్చింది. చెప్పమన్నాడు లచ్చన్న. రాత్రంతా తోడిన నీళ్ళ సంగతి చెప్పమన్నాడు ఒక కళాసీ. సోములు మైకు వంక చూశాడు. పెళ్ళాం వంక చూశాడు. కట్టేసిన పడవ వంక చూశాడు.

"ఏటీ నేదు బాబూ," అన్నాడు.

కొండ మీద గదిలో పెద్దలందరూ ఇంకా ఉన్నారు. కొత్త పద్ధతిలో చెక్కుచెదరకుండా ఒడ్డు చేరిన మొదటి సందేశం అది. సముద్రం మీద ఏమీ లేదని సముద్రమే చెప్పింది. "విన్నారా," అన్నారు చిదానందం గారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆనందంలో ఆయన మోచెయ్యి బొత్తాం మీద ఆనించి అలాగే ఉంచేశారు.

ఆ చప్పట్లు కొండకి ఇవతలి ప్రతి పడవలోనూ వినబడ్డాయి. ఆగలేదు. ఆ తరవాత ఉపన్యాసం మొదలైంది, అదీ వినబడింది. రేవులో జనం నిలబడి విన్నారు.

దానయ్య పెట్టెకి చెవి ఆనించాడు. ఉపన్యాసం కింద, సన్నగా, పెట్టె ఒకసారి గుర్రుమంది. ఆగింది. చాలాసేపటికి మళ్ళీ గుర్రుమంది, పొద్దున్న సోములు గొంతు తగిలినట్టే.

"ఏట్రా?" అంది కాసులమ్మ.

"ఎవుడో నొక్కుతున్నాడు."

"ఎవుడు?"

లచ్చన్న అప్పటికే డీజిలు పోస్తున్నాడు. సోములు చెంబులో మిగిలిన నీళ్ళు తాగి, పెళ్ళాం చేతికిచ్చి, లేచి అటు నడిచాడు. దానయ్య కట్టుతాడు విప్పాడు.

పైన చిదానందం గారు, ఈ విజయము సమష్టి కృషి ఫలితము అంటున్నారు.